లెబర్ట్ బోడి రికార్డులు

డెల్‌రోజ్‌కి ఆరేళ్ళప్పుడే ఒక ఉద్యోగం ఉండేది. ఏడో ఏట అది ఊడింది. చదవడం వచ్చినందుకు ఊడింది. చదువుకుంటే ఉద్యోగం వస్తుందని లోకమంతా పిల్లలకు నూరిపోస్తుంది గాని, కింగ్‌స్టన్‌లో డాన్సులకి రికార్డులు వేసే సౌండ్ నడిపేవాడి కూతురికి ఆ లెక్క తిరగబడింది.

ఆ ఉద్యోగం ఇదీ. తండ్రి లెబర్ట్ డకోస్టా కొత్త రికార్డు తెచ్చిన రోజున పెరట్లో పీట వేసి పిల్లను కూర్చోబెట్టేవాడు. రికార్డు నడిమధ్య గుండ్రంగా అంటించిన కాగితం మీద తడిగుడ్డ పరిచి నానబెట్టాలి. నానాక గోటితో, కొబ్బరిపీచుతో రుద్ది పాట పేరు, పాడినవాడి పేరు, కంపెనీ పేరు, ఒక్క అక్షరం మిగలకుండా గీకెయ్యాలి. అటూ ఇటూ రెండు వైపులా. లెబర్ట్ సౌండ్ పేరు బ్లూ కెటిల్. బీరువాలంతేసి స్పీకర్లు నాలుగు, ఒక ఆంప్లిఫయర్, ఒక టర్న్‌టేబుల్, ఒక మైకు, అంతే ఆస్తి. తను వేసే పాట ఏదో అవతలి సౌండ్ వాడికి తెలిస్తే వాడూ సంపాదించి వేస్తాడు, ఇక మన డాన్సుకి ఎవడొస్తాడు? అందుకని సౌండ్ వాళ్ళందరూ పేర్లు గీకేవారు. లెబర్ట్ ఇంకో అడుగు ముందుకేసి ఆ పనిని అక్షరాలు రాని చేతికి అప్పగించాడు. ఇంటి గుట్టు ఇంట్లోవాళ్ళకి కూడా తెలియకూడదన్నది ఆయన సిద్ధాంతం.

ఒక సాయంత్రం డెల్‌రోజ్ తడిగుడ్డ తీసి, కాగితం మీద వేలు పెట్టి, బళ్ళో నేర్పినట్టు ఒక్కొక్క అక్షరమే గట్టిగా కూడబలుక్కుని చదివింది. లెబర్ట్ పరుగున వచ్చి ముందు రికార్డు లాక్కున్నాడు, తర్వాత పిల్లనెత్తుకుని ముద్దు పెట్టుకున్నాడు, ఆ తర్వాత పీట తీసి లోపల పెట్టేశాడు. ఆపైన నలభై అయిదేళ్ళు ఆమె ఆ రికార్డుల మీద చెయ్యి వేసింది లేదు. ఆడపిల్లలు సౌండ్ ముట్టుకోరని ఆ రోజుల్లో అందరూ అనేవారు. లెబర్ట్ అలా అనలేదు. చదువొచ్చినవాళ్ళెవరూ ముట్టుకోకూడదన్నాడు, అంతే.

ఇప్పుడామెకి యాభై రెండు. రోలింగ్టన్ టౌన్‌లో సగం మంది బడిపిల్లలు ఆమె కుట్టిన యూనిఫాంలే తొడుక్కుంటారు. ఖాకీ చొక్కా చంకలో చినిగినా, నీలం గౌను కుచ్చిళ్ళు ఊడినా తల్లులు "డెల్లీ దగ్గరికి పట్టుకుపో" అంటారు. మాట పెళుసు, చెయ్యి మెత్తన. ఎవరైనా పెళ్ళి మాటెత్తితే, "ఇంట్లో ఒక ముసలాణ్ణీ ఆరువందల రికార్డుల్నీ భరిస్తున్నాను, ఇంకో మనిషికి చోటెక్కడుంది?" అని నోరు మూయించేది.

ఆ ముసలాయన ఫిబ్రవరి మొదట్లోనే పోయాడు. డెబ్బై ఎనిమిదేళ్ళు నిండుగా బతికి, కడుపునిండా మేక కూర తిని, అరుగు మీద డామినోలు ఆడుతూ, గెలిచే ముక్క చేతిలో ఉండగానే కన్నుమూశాడు. ఆ ఆట ఇంకా తేలలేదని అవతలివాడు ఇప్పటికీ వాదిస్తూనే ఉన్నాడు.

మార్చి సగంలో మిస్ ఇనెజ్ గౌను వదులు చేయించుకోవడానికి వచ్చింది. వీధి మూల బారు ఆవిడదే. బారు వెనక రేకుల కంచె కట్టిన ఖాళీ జాగాని అందరూ లాన్ అంటారు. ముప్ఫై ఏళ్ళుగా ప్రతి నెలా మొదటి ఆదివారం, మధ్యాహ్నం మూడు నుంచి ఏడు దాకా, అక్కడ బ్లూ కెటిల్ మోగింది. అది పెద్దవాళ్ళ డాన్సు. చర్చికి కట్టుకెళ్ళిన బట్టలతోనే వస్తారు. మోకాళ్ళ నొప్పుల గురించి గంటసేపు చెప్పి, ఆ మోకాళ్ళతోనే మూడు గంటలు గెంతుతారు.

"డెల్లీ, నాకు మొహమాటాలు చేతకావు," అంది మిస్ ఇనెజ్. "రెండు నెల్ల నుంచీ మొదటి ఆదివారం నా లాన్ బోసిగా ఉంది. జనం కంచె మీంచి తొంగిచూసి ఉసూరుమని పోతున్నారు. ఆ ఆదివారం తన సౌండ్‌కిమ్మని ఫెర్డీ అడుగుతున్నాడు."

డెల్‌రోజ్ పెదాల మధ్య గుండుసూదులున్నాయి. ఒక్కొక్కటీ తీసి గౌనుకి గుచ్చి, అప్పుడు నోరు తెరిచింది.

"ఆ ఆదివారం మా నాన్నది."

"మీ నాన్న లేడుగా తల్లీ."

"నేనున్నాగా."

"నీకు సౌండ్ నడపడం వచ్చా?"

"ముప్ఫై ఏళ్ళ నుంచి మిషను నడుపుతున్నా. అదీ గుండ్రంగా తిరిగేదేగా."

మిస్ ఇనెజ్ ఒళ్ళంతా ఊగేలా నవ్వింది. గుచ్చిన సూదులు రెండు ఊడి కిందపడ్డాయి. "సరే, విను. ఏప్రిల్ మొదటి ఆదివారం ఇద్దరూ రండి. అటు వాడు, ఇటు నువ్వు, అరగంట నీది, అరగంట వాడిది. ఎవరి పాటకి జనం నా రేకుల కంచె ఊడిపోయేలా బాదుతారో ఆదివారం వాళ్ళది. ఆ తర్వాత నా దగ్గరికొచ్చి ఏడిస్తే ఊరుకోను."

ఫెర్డీ గేల్‌ది ఐరన్ బిషప్ అనే సౌండ్, రెండు వీధుల అవతల. లెబర్ట్‌కి యాభై ఏళ్ళ శత్రువు. యాభై ఏళ్ళ స్నేహితుడు కూడా ఆయనే. శనివారం పొద్దున్నే ఇద్దరూ ఫెర్డీ అరుగు మీద ఒకే సీసాలోంచి రమ్ తాగేవారు, ఆదివారం మైకులో ఒకరి తాతల్ని ఒకరు తిట్టుకునేవారు. వాళ్ళిద్దరి మధ్యా ఒకే ఒక్క పాట తేలకుండా ఉండిపోయింది.

డెల్‌రోజ్‌కి ఆరేళ్ళప్పుడు, అంటే ఆమె ఉద్యోగంలో ఉన్న రోజుల్లో, రెండు సౌండ్లకీ పోటీ జరిగింది. ఫెర్డీ గెలిచే ఊపు మీదున్నాడు. అప్పుడు లెబర్ట్ మైకు తీసుకుని, "ఇది బిషప్ గారి తలనొప్పి!" అని ఒక రికార్డు వేశాడు. పాడేవాడు లేని పాట. డ్రమ్ము మీద మూడు గుద్దులు, ఒక్క క్షణం నిశ్శబ్దం, ఆపైన ట్రాంబోన్ పొట్ట పట్టుకుని నవ్వినట్టు వాయిస్తుంది. జనం కంచె విరగ్గొట్టారు. ఫెర్డీ స్విచ్చి తీసేసి ఇంటికి పోయాడు.

ఆ మర్నాటి నుంచి ఫెర్డీ ఆ పాట పేరు వెతకడం మొదలుపెట్టాడు. రికార్డుల కొట్టుకల్లా పోయి నోటితో ట్రాంబోన్ ఊది చూపించాడు. మయామీ పోయే ఓడవాళ్ళకి నేర్పి పంపాడు. ఒకసారి మామిడిపళ్ళ బుట్టలో టేప్ రికార్డర్ దాచి లెబర్ట్ డాన్సుకి పంపిస్తే, అందులో మిస్ ఇనెజ్ ఎవరితోనో మామిడిపళ్ళ బేరమాడటం తప్ప ఏమీ వినపడలేదు. లెబర్ట్ ఏడాదికి ఒక్కసారి, డిసెంబరులో, ఆ పాట వేసేవాడు. ఫెర్డీ ఏటా వచ్చి, టోపీ కళ్ళ మీదికి లాక్కుని, చివరిదాకా విని పోయేవాడు. లెబర్ట్ పేరు చెప్పకుండానే పోయాడు.

ఫెర్డీ పెట్టెలో ఆ ఒక్కటి తప్ప పాత పాటలన్నీ ఉన్నాయి. ఆయనకి యాభై ఏళ్ళ అనుభవం, డెల్‌రోజ్‌కి మూడు వారాలు. తలనొప్పి పాట దొరికితే నాన్న ఆదివారం దక్కుతుంది, దొరక్కపోతే ఐరన్ బిషప్‌కి పోతుంది. నాన్న నిలబడ్డ చోట ఆ పేరు రాసిన స్పీకర్లు నిలబడతాయన్న తలపుకే ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు పొద్దున్నే పెట్టెలు తెరిచింది. ఆరువందల పద్నాలుగు రికార్డులు. అన్నీ బోడివే. నల్లటి చక్రం, మధ్యలో గీకిన మచ్చ, ఒక్క అక్షరం లేదు. తన చిన్నప్పటి గోళ్ళ గీతలు కొన్నింటి మీద ఇంకా ఉన్నాయి. "నా పని నేను మరీ బాగా చేశాను," అని తనలో తనే విసుక్కుంది.

టర్న్‌టేబుల్‌ని కుట్టుమిషను పక్కన పెట్టుకుంది. స్పీకర్లు మోయడానికీ తీగలు కలపడానికీ నాన్న దగ్గర పనిచేసిన మాస్ రూపర్ట్ ఒక చిన్న స్పీకరు తెచ్చి తగిలించాడు. జీవితమంతా పెద్ద స్పీకర్ల పక్కన నిలబడ్డ మనిషి, ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి ఆదివారాలు మాత్రం పనిచేస్తుందంటాడు.

మొదటి రికార్డు వేసి, సూది దింపి, ఖాకీ చొక్కాకి కాలరు తగిలించడం మొదలుపెట్టింది. పియానో ఒకటి దొర్లుకుంటూ వచ్చింది. రెండు నిమిషాలకల్లా మిషను తొక్కే కాలు ఆ పాట తాళంలో పడిపోయింది. కాలరు వంకర పోయింది. విప్పి మళ్ళీ కుట్టింది, మళ్ళీ వంకర పోయింది. ఆ రోజంతా ఒక్క చొక్కా తేలలేదు గాని ఆమె జీవితంలో అంత మంచి రోజు చాలాకాలంగా రాలేదు. నలభై అయిదేళ్ళు తలుపవతల నుంచి విన్న పాటలు ఒక్కొక్కటే గదిలోకొచ్చి పక్కన కూర్చున్నాయి. ఇది అమ్మ బట్టలుతికేటప్పుడు ఈలవేసిన పాట. ఇది నాన్న గడ్డం గీసుకునేటప్పుడు పాడి తెగ్గోసుకున్న పాట. ఏడుస్తానేమోనని భయపడింది గాని, ఏడుపు రాలేదు, నవ్వొచ్చింది.

కిటికీ తెరిచే ఉంచింది. అదే మంచిదయింది. పేర్లు లేని పాటలకి వీధి పేర్లు పెట్టడం మొదలుపెట్టింది.

"డెల్లీ! ఆ పాటకి నేను మా ఆయనకి సరేనన్నాను! తీసెయ్, వినలేను!" అని పక్కింట్లోంచి ఒకావిడ.

"అదే, అదే, మళ్ళీ వెయ్యి!" అని రోడ్డు మీద చేపల బండివాడు.

డెల్‌రోజ్ మిగిలిపోయిన యూనిఫాం గుడ్డలతో సంచులు కుట్టింది. జనం గెంతే పాటలకి ఖాకీ సంచి, జంటలు అతుక్కునే పాటలకి నీలం, అందరూ కలిసి గొంతెత్తే పాటలకి మెరూన్. ఒక్క అక్షరం రాయలేదు. రాస్తే నాన్న లేచి వచ్చి పెన్ను లాక్కుంటాడు.

ఒకరోజు ఫెర్డీ భార్య మిస్ ఇసిల్డా, ఆ వీధిలో పెళ్ళయినావిడైనా మిస్సే, చర్చి నుంచి వస్తూ కిటికీ దగ్గర ఆగింది. "అమ్మాయ్, మీ నాన్న దగ్గర కిటికీ పాట లేదా?"

కిటికీ పాట అంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. వానలో కిటికీ దగ్గర నిలబడి ఒకడు ప్రేయసి కోసం కుమిలిపోతుంటాడు. పెళ్ళిలో కేకు కోసేటప్పుడు వేస్తారు, చావులో కాఫీ ఇచ్చేటప్పుడూ వేస్తారు. రికార్డు ఆడించే పెట్టె లేని ఇంట్లో కూడా ఆ రికార్డు ఉండేది. మిస్ ఇసిల్డాకి అది ప్రాణం. అందుకే ఫెర్డీ తన ప్రతి డాన్సునీ దానితోనే ముగించి భార్యతో రెండడుగులు వేస్తాడు.

"మా నాన్న దాన్ని గడప తొక్కనివ్వలేదండీ," అంది డెల్‌రోజ్. "జలుబు చేసినవాడి మూలుగు అనేవాడు. సిగ్గున్న సౌండ్ వాడెవడూ ఆ రికార్డు వంక చూడడనేవాడు."

"ఆ సంగతి మా ఆయనకి ప్రతి శనివారం చెప్పేవాడుగా," అని మిస్ ఇసిల్డా నవ్వుతూ వెళ్ళిపోయింది.

రెండు వారాలు గడిచాయి. నాలుగువందల రికార్డులు వింది, రెండు వైపులా. తలనొప్పి లేదు. మూడో వారం యూనిఫాంల పని పక్కన పెట్టేసింది. అయిదువందలు దాటింది. దొరకలేదు. శుక్రవారం సాయంత్రానికి డీలాపడిపోయింది. నాన్న దాన్ని తనతోనే తీసుకుపోయాడేమో, సమాధిలో కూడా ఫెర్డీకి అందకుండా దాచాడేమో అనుకుంది.

శనివారం పొద్దున ఆరువందల మూడో రికార్డు మీద సూది దింపింది. మూడు గుద్దులు. ఒక క్షణం నిశ్శబ్దం. ట్రాంబోన్ నవ్వింది.

డెల్‌రోజ్ కుర్చీ వెనక్కి పడిపోయింది. పాట అరిగిపోయి గరగరమంటోంది, అయినా ఏడాదికొక్కసారి వినే ఆ నవ్వే అది. వరండాలోకి పరిగెత్తి మాస్ రూపర్ట్‌ని లాక్కొచ్చింది. ఇద్దరూ చేతులు పట్టుకుని మిషను చుట్టూ గిర్రున తిరిగారు. పాట అయిపోగానే సూది ఎత్తి, రికార్డుని పాత దిండుగలీబులో చుట్టి పరుపు కింద పెట్టింది.

"ఏ వైపో గుర్తు పెట్టుకోవా? చిన్న సుద్దముక్క గీతైనా," అన్నాడు మాస్ రూపర్ట్.

"గుర్తు పెడితే ఫెర్డీ బాబాయ్ చూస్తాడు. మా నాన్న పెట్టాడా?"

"మీ నాన్నకి వేళ్ళే కళ్ళమ్మా."

"నాకూ వేళ్ళున్నాయి," అంది డెల్‌రోజ్. పొగరు మనిషికి అందమే, ఆదివారం దాకా.

ఆదివారం మూడింటికి లాన్ కిటకిటలాడిపోయింది. వేపుడు చేపలు, బామీ రొట్టెలు, మేక సూపు, అల్లం నీళ్ళు. అటు చివర ఐరన్ బిషప్, ఇటు చివర బ్లూ కెటిల్. ఫెర్డీ తెల్ల సూటు వేసుకుని వచ్చాడు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, నిటారుగా ఉన్నాడు.

"ఏమ్మా, మిషను తెచ్చుకున్నావా? ప్యాంటు పొట్టి చేయించుకోవాలి," అన్నాడు మైకులో.

"ఇవాళ నీ నాలిక పొట్టి చేస్తాలే బాబాయ్, ప్యాంటు రేపు చూద్దాం," అంది డెల్‌రోజ్ తన మైకులో. జనం హోరెత్తారు.

మొదటి అరగంట ఖాకీ సంచిలోంచి తీసింది. పక్కింటావిడ సరేనన్న పాట వేస్తే ఆవిడ మొగుడు నడుం పట్టుకుని మరీ ఊగాడు. ఫెర్డీ తన అరగంటలో దానికి రెట్టింపు ఊపేశాడు. ఏ పాట తర్వాత ఏ పాట వెయ్యాలో ఆ ముసలాడి వేళ్ళకి తెలుసు. కంచె అటువైపే ఎక్కువ మోగింది. డెల్‌రోజ్ రెండో అరగంటలో ఒకచోట లెక్క తప్పి నీలం సంచి ముందే తీసింది. జనం కూర్చుని సూపు తాగడం మొదలెట్టారు. ఫెర్డీ వచ్చి వాళ్ళని మళ్ళీ లేపాడు. ఇక మిగిలింది ఆఖరి విడత.

"తలనొప్పి! తలనొప్పి!" అని జనం చప్పట్లు కొడుతున్నారు. వాళ్ళకి డిసెంబరు దాకా ఆగే ఓపిక లేదు.

డెల్‌రోజ్ దిండుగలీబు విప్పింది. రికార్డు అటూ ఇటూ ఒకేలా ఉంది, బోడిగా, నున్నగా. మాస్ రూపర్ట్ ఏదో అన్నాడు, ఆ హోరులో వినపడలేదు. మైకు తీసుకుని, "బాబాయ్, తలకి గుడ్డ కట్టుకో!" అని అరిచి సూది దింపింది.

స్పీకర్లలోంచి వయొలిన్లు కారాయి. వాన పడింది. కిటికీ దగ్గర నిలబడి ఒకడు కుమిలిపోవడం మొదలెట్టాడు.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత లాన్ మొత్తం పగలబడి నవ్వింది. "ఓయ్ ఫెర్డీ! నీ ముగింపు పాట నీకే వేసి సాగనంపుతోంది!" అని ఒకడు. ఫెర్డీ టోపీ తీసి నాటకంలో రాజులా వంగి దండం పెట్టాడు. మిస్ ఇసిల్డా ఇంకా పాట వింటూనే ఉంది. డెల్‌రోజ్‌కి చెవులు వేడెక్కాయి. వేరే రికార్డు తెచ్చానా? లేదే, దిండుగలీబులో ఉన్నది ఇదొక్కటే.

"తిప్పు!" అన్నాడు మాస్ రూపర్ట్ చెవిలో. "తిప్పమ్మా!"

సూది ఎత్తింది. అందరూ చూస్తుండగా అదే రికార్డుని బామీ తిప్పినట్టు తిప్పింది. సూది దింపింది.

మూడు గుద్దులు. నిశ్శబ్దం. ట్రాంబోన్ నవ్వింది.

జనం కంచె మీదికి ఎగబడ్డారు. నాలుగు దెబ్బలు పడ్డాయో లేదో, ఒక్కొక్క చెయ్యే ఆగిపోయింది. అందరూ ఫెర్డీ వైపు తిరిగారు. ఆయన టోపీ చేతిలోనే ఉంది. నెమ్మదిగా లాన్ దాటి వచ్చి, టర్న్‌టేబుల్ పక్కన నిలబడి, తిరుగుతున్న ఆ బోడి రికార్డుని పాట అయిపోయేదాకా చూశాడు.

"అటు తిప్పు," అన్నాడు.

తిప్పింది. కిటికీ పాట.

"ఇటు తిప్పు."

తలనొప్పి.

డెల్‌రోజ్‌కి నేల చీలి మింగేస్తే బాగుండుననిపించింది. నలభై ఆరేళ్ళు నాన్న దాచిన గుట్టు ఒక్క నిమిషంలో నలుగురిలో పెట్టేసింది. ఆదివారం పోతే పోయింది, నాన్న పరువు కూడా పోయింది. "బాబాయ్, నాకు తెలీదు..." అంది.

ఫెర్డీ వెనక్కి నడిచి తన పెట్టె ముందు వంగి వేళ్ళతో వెతికాడు. కిటికీ పాట రికార్డు బయటికి తీశాడు. దాని కాగితం చెక్కుచెదరలేదు. ఏడుపు పాటని ఎవడు దొంగిలిస్తాడని ఫెర్డీ ఎప్పుడూ గీకలేదు. కళ్ళజోడు పెట్టుకుని, ఆ రికార్డుని పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వెనక్కి తిప్పి, అక్కడ అచ్చువేసిన పేరు పెదాలు కదుపుతూ చదివాడు. ఆయన భుజాలు వణికాయి. ఏడుస్తున్నాడనుకుని మిస్ ఇసిల్డా పరుగెత్తింది. తీరా చూస్తే నవ్వుతున్నాడు. ఊపిరాడనంత నవ్వు. పెట్టె పట్టుకుని కూలబడిపోయి నవ్వాడు.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికాడురా!" అంది మిస్ ఇనెజ్.

"బామీనైనా రెండు వైపులా తిప్పి వేయిస్తారు కదయ్యా," అంది మిస్ ఇసిల్డా. "రికార్డు తిప్పడానికి నీ చేతులేమయ్యాయి?"

"ఎలా తిప్పుతానే? సిగ్గున్నవాడు దాని వంక చూడడని ప్రతి శనివారం చెప్పేవాడు! నా అరుగు మీద కూర్చుని, నా రమ్ తాగుతూ! నువ్వు లోపల ఆ పాటే పెట్టేదానివి, వాడు చెవులు మూసుకునేవాడు!" ఫెర్డీ కళ్ళు తుడుచుకున్నాడు. "నా రికార్డుతో నన్ను కొట్టాడు. నలభై ఆరేళ్ళు కొట్టాడు."

"పేరేమిటి? పేరు చెప్పు!" అని జనం గోలపెట్టారు.

"చెప్పను. నేను కష్టపడి సంపాదించుకున్నా."

అప్పుడు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ రికార్డు ఎవరింట్లో లేదు గనక! గేటు దగ్గరున్న నలుగురైదుగురు చల్లగా ఇంటిదారి పట్టారు.

ఫెర్డీ మైకు తీసుకున్నాడు. నవ్వు ఇంకా గొంతులోనే ఉంది. "మిస్ ఇనెజ్, కంచె లెక్క వద్దు. మొదటి ఆదివారం బ్లూ కెటిల్‌ది. లెబర్ట్ కూతురు నా ఎదటే ఆ గుట్టు విప్పింది. పొద్దుటిదాకా నేను చచ్చేలోపు వింటానో లేదో అనుకున్న సంగతి. ఇంకేం కావాలి నాకు? ఇప్పుడు నోళ్ళు మూసుకోండి. ఈ పాట నా చేత్తో నేను వేసుకోవాలి."

సూది దింపాడు.

లెబర్ట్ రికార్డు అరిగి గరగరలాడేది. ఫెర్డీ రికార్డుకి ఆ వైపున నలభై ఆరేళ్ళలో ఒక్కసారైనా సూది తగల్లేదు. మూడు గుద్దులు ఎదురుగా తలుపు తట్టినట్టు వినపడ్డాయి. ఆ నిశ్శబ్దంలో ఎవరో గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు. ట్రాంబోన్ అందుకున్నాక దాని వెనకాల, గరగరలో ఇన్నేళ్ళూ ఎవరికీ వినపడనిది, ఒక మనిషి నవ్వు నిజంగానే వినపడింది. వాయించేవాళ్ళలో ఎవరో ఆపుకోలేక నవ్వేశాడు.

డెల్‌రోజ్ స్పీకరు దగ్గరికి జరిగింది. కొత్త రికార్డు తెచ్చిన రోజు, ఆమెని పీట మీద కూర్చోబెట్టకముందు, నాన్న ఒక్కడే గదిలో విన్నది ఇదన్నమాట. ఈ నవ్వు విని ఆయనా నవ్వి ఉంటాడు. తలుపవతల ఆరేళ్ళ పిల్ల ఉంది, వినలేదు. ఇప్పుడు వింది. అంత్యక్రియల్లో రాని కన్నీళ్ళు అప్పుడొచ్చాయి, సంతోషంతోనే వచ్చాయి, ఆమె తుడుచుకోలేదు.

మిస్ ఇసిల్డా చెప్పులు విడిచేసింది. మాస్ రూపర్ట్ పనిచేసే చెవిని స్పీకరుకి ఆనించి నిలబడ్డాడు. పాట అయిపోవస్తోంది.

"ఎత్తి మళ్ళీ వెయ్యి బాబాయ్!" అని డెల్‌రోజ్ గొంతు చించుకుని అరిచి, కంచె దగ్గరికి పరిగెత్తి, రెండు చేతులా రేకులు బాదింది.